గడ్డి కనపడని దిమ్మె

ఓబులమ్మకు టేపు అక్కర్లేదు. గుంత అంచున నిలబడి లోపలికి ఒకసారి తొంగిచూసి, "తొమ్మిది అడుగులు, దానిమీద జాన" అంటుంది. తర్వాత ఇంజనీరు టేపు దింపి చూసుకుంటాడు. తేడా ఉంటే వేలెడు ఉంటుంది. అంతకంటే ఉండదు.

ఇరవై నాలుగేళ్ళుగా ఆమె బెంగళూరు మట్టి తవ్వుతోంది. కదిరి దాటాక తనకల్లు వైపు ఒక చిన్న ఊరు వాళ్ళది. మూడేళ్ళు వరసగా వేరుశనగ ఎండిపోయాక భర్త కొండయ్యతో కలిసి బస్సెక్కింది. మొదట రోడ్ల పక్కన కేబుల్ కాలువలు తవ్వారు. తర్వాత ఇళ్ళకు నీళ్ళ సంపులు, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ల పునాదులు. ఇప్పుడు అద్దాల బిల్డింగులు నిలబడ్డ చోట ఎర్రమట్టి ఎంత లోతు ఉండేదో, ఎక్కడ సుద్ద తగిలిందో, ఎక్కడ నీళ్ళు ఊరాయో ఆమె చెప్పగలదు. బడికి పోలేదు. అంకెలు వచ్చు. బస్సు బోర్డుల మీద కన్నడం కూడబలుక్కుంటుంది. వర్తూరు దాటాక రేకుల షెడ్లు వరసగా ఉన్న చోట, చివరి నుంచి రెండోది ఆమెది.

ఆమె చెప్పింది నేను మూడు ఆదివారాలు ఆ షెడ్డు ముందు కూర్చుని విన్నాను. ఆమె వరసగా చెప్పదు. అన్నం వార్చుతూ కొంత, బియ్యంలో రాళ్ళు ఏరుతూ కొంత చెబుతుంది. మధ్యలో లేచిపోయి మళ్ళీ వచ్చి వేరే చోట మొదలుపెడుతుంది. ఆమె గురించి తీసిన డాక్యుమెంటరీని కూడా నాలుగుసార్లు చూశాను. ఆమె చెప్పింది ఏదో, సినిమా చెప్పింది ఏదో కలిసిపోకుండా రాయాలని నా ప్రయత్నం.

ముందు దిమ్మె సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది అర్థం కాదు.

చేత్తో మట్టి తవ్వేవాళ్ళు గుంత మొత్తం తవ్వేయరు. ఒక మూల కొంచెం నేలను ముట్టుకోకుండా వదిలేస్తారు. చుట్టూ తవ్వుకుంటూ దిగేకొద్దీ అది స్తంభంలా నిలుచుంటుంది. దాన్నే దిమ్మె అంటారు. దిమ్మె నెత్తిన పాత నేల మీది గడ్డి అలాగే ఉండాలి. తవ్వకముందు నేల ఎక్కడుందో చెప్పేది ఆ గడ్డే. గడ్డి నుంచి అడుగు దాకా టేపు పట్టుకుంటే అదే లోతు, దాన్నిబట్టే కూలి. నెత్తిన గడ్డి లేకపోతే ఆ దిమ్మెను ఏ ఇంజనీరూ ఒప్పుకోడు. పైనుంచి ఎవరో చెక్కేశారని అంటాడు.

పని ముగిసి ఆఖరి కొలత అయిపోయాక దిమ్మెను అలా వదిలేసి పోకూడదు. ముఠాలో పెద్దవాడు దానికి చెయ్యి తాకించి, మొదలు దగ్గర మూడు దెబ్బలు వేసి పడగొడతాడు. పడ్డాక ఆ మట్టిలోంచి గడ్డి వెతికి, పైకి తెచ్చి గట్టున పెడతాడు. దిమ్మెను నిలబెట్టి వెళ్ళిపోతే ఆ గుంత మళ్ళీ మనిషిని అడుగుతుందని వాళ్ళ నమ్మకం. ఇరవై నాలుగేళ్ళలో ప్రతి గుంతలోనూ ఆ మూడు దెబ్బలు కొండయ్యే వేశాడు.

ఆయన ఆఖరి గుంత వర్తూరులోనే, ఒక సందు చివర. ఐదంతస్తుల బిల్డింగుకు పునాది. నడిమి మట్టి యంత్రంతో తీశారు. పక్కింటి ప్రహరీగోడ వైపు మాత్రం యంత్రం అదురుకు గోడ కదులుతుందని చేత్తో తవ్వించారు. అక్కడ కొండయ్య ముఠా నలుగురు. కొండయ్య, ఓబులమ్మ, శ్రీను, శ్రీను భార్య మమత. శ్రీనుకు ఇరవై ఆరేళ్ళు. వాళ్ళ ఊరి వైపువాడే. రెండేళ్ళ కిందట కొండయ్యే పిలిపించి పని నేర్పాడు. ఇద్దరి షెడ్లకూ మధ్య ఒకటే రేకు గోడ.

బిల్డింగు కడుతున్న కంపెనీ తీసుకున్న అనుమతి ఒక బేస్‌మెంటుకు. అంటే పన్నెండు అడుగులు. తవ్వించింది రెండింటికి. అంటే ఇరవై. పద్నాలుగు అడుగుల దగ్గర కొండయ్య పని ఆపి ఇంజనీరును పిలిచాడు.

"సార్, ఈ గోడ చెమట పడ్తాండాది. పలకలు నిలబెట్టి ఇనప గుంజలు పెట్టీయండి. ఇట్ల సుమ్నే, ఆసరా లేకుండా దిగేది కాదిది."

"పెడతాంలే కొండయ్యా. సోమవారం వస్తాయి. నువ్వు కానియ్."

సోమవారాలు రెండు వెళ్ళాయి. మూడో శనివారం ఇంజనీరు దిగి, గడ్డి నుంచి టేపు పట్టించి, ఇరవై అడుగుల దగ్గర దిమ్మె మీద ఎర్ర పెయింటుతో గీత గీసి తేదీ వేశాడు. అడుగు చదును చేయడానికి ఇంకో అడుగున్నర తీయమని చెప్పి ఎక్కిపోయాడు. ఆదివారం వాళ్ళు అది తీశారు. సోమవారం ఉదయం, ఓబులమ్మా మమతా నీళ్ళ డ్రమ్ము దగ్గరికి ఎక్కి ఉండగా, గోడ కింది మట్టి జారింది.

ఆ పూట గురించి ఓబులమ్మ ఒక్కటే చెప్పింది. "సప్పుడు కాలేదప్పా. పెద్ద సప్పుడైతాదని అనుకుంటాం గదా. కాలేదు. దుప్పటి దులిపినట్ల అయింది, అంతే."

కొండయ్యను మధ్యాహ్నం తీశారు. శ్రీనును సాయంత్రం.

రెండో రోజు కంపెనీవాళ్ళు కార్మిక శాఖ విచారణ అధికారికి కాగితం రాసి ఇచ్చారు. దేవదానం దాన్ని ఆమెకు చదివి వినిపించాడు. దేవదానం కర్నూలు వైపు మనిషి. ఒకప్పుడు సైట్లలో సూపర్‌వైజరు, ఇప్పుడు కట్టడం పనివాళ్ళ సంఘంలో తిరుగుతుంటాడు. కాగితం చాలా పొడవుగా ఉంది. అందులో ఒక్క వాక్యం దగ్గర ఓబులమ్మ చెయ్యెత్తి ఆపింది. పన్నెండు అడుగుల దగ్గర ఆపమని చెప్పినా, ముఠా పెద్ద కొండయ్య ఎక్కువ కూలికి ఆశపడి ఆదివారం మాకు తెలియకుండా గోడ కింద గీరాడు, అని ఆ వాక్యం.

"ఇంకోసారి చదువప్పా."

ఆయన చదివాడు. మధ్య రేకు అవతల మమత కూడా వింటోంది. మూడోసారి చదవమని ఓబులమ్మ అడిగేలోపే అవతలినుంచి మమత గొంతు వినిపించింది.

"ఆదివారం మా ఆయనకు ఒళ్ళు నొప్పులు. పండుకుంటానన్నాడు. మీ ఆయనే గదా వచ్చి లేపుకోని పోయె."

అది నిజమే. ఆదివారం ఉదయం శ్రీనును పిలిచింది కొండయ్యే. ఇంజనీరు చెప్పి వెళ్ళిన పని కాబట్టి పిలిచాడు. కానీ ఇంజనీరు చెప్పినప్పుడు విన్నది కొండయ్య, శ్రీను. ఇద్దరూ లేరు. మమత ఆ రోజు నుంచి ఓబులమ్మతో మాట్లాడ్డం మానేసింది. కుళాయి దగ్గర ఓబులమ్మ బిందె పెడితే తన బిందె తీసుకుని వెనక్కి జరిగేది. ఇరవై రెండేళ్ళ పిల్ల. ఏడాదిన్నరగా ఓబులమ్మ చేత్తో జడ వేయించుకున్న పిల్ల.

పరిహారం కింద కంపెనీవాళ్ళు ఇస్తామన్నదీ, సంఘంవాళ్ళు అడగమన్నదీ వేరే సంగతి. ఓబులమ్మకు కావలసింది ఆ వాక్యం కాగితంలోంచి పోవడం. అది ఉన్నంతకాలం రేకు అవతలి మనిషికి మొగుణ్ణి చంపింది కొండయ్య ఆశే.

మూడో రోజు ఆమె సైటుకు పోయింది. కొండయ్య పార, గడ్డపార అక్కడే ఉండిపోయాయి. వాటికోసం. పనులు ఆగిపోయాయి. వాచ్‌మన్ ఆమెను చూసి గేటు తీశాడు. లోపల ముగ్గురు కెమెరావాళ్ళు ఉన్నారు. వాళ్ళలో హరిణి అనే అమ్మాయి తెలుగులో పలకరించింది.

హరిణిది హైదరాబాద్. ఇక్కడ ఎలక్ట్రానిక్ సిటీలో ఆరేళ్ళు ఉద్యోగం చేసి, మానేసి, సినిమాలు తీస్తోంది. ఈ నగరాన్ని కట్టే చేతుల గురించి అప్పటికే ఏడాదిగా తీస్తున్న డాక్యుమెంటరీ అది. వార్త చూసి వచ్చింది. చెడ్డ మనిషి కాదు. ఓబులమ్మ ఆ మాట నాతో మూడు ఆదివారాలూ చెప్పింది.

"కెమెరా పక్కన పెట్టి నా పక్కన మట్టిలోనే కూచునింది, జీన్స్ ప్యాంటుతో. గంటసేపు ఏం అడగలే. నేను ఏడిస్తే ఏడ్చింది. అది నటన కాదప్పా, నాకు తెలీదా."

దిగుడు బాట నిలిచే ఉంది. గోడ వైపు సగం కూలింది. ఈ మూలన దిమ్మె మాత్రం నిలబడే ఉంది, నెత్తిన గడ్డితో. హరిణి అదేమిటని అడిగింది. ఓబులమ్మ చెప్పింది, నేను ఇక్కడ రాసినట్టే, ఆఖరి మూడు దెబ్బల దాకా. హరిణి లేచి గుంత అంచుకు వచ్చింది.

"అమ్మా, మీకు ఇబ్బంది లేకపోతేనే. ఫోర్స్ లేదు. అది ఒకసారి చేసి చూపిస్తారా? కొండయ్యగారు ఎలా చేసేవారో?"

"చూపించేదేముంది పాపా. చెయ్యాల్సిందే గదా. ఆయన చెయ్యకుండా పాయె."

ఇక్కడే జరిగింది తప్పు. ఆ తప్పు ఇంకెవరూ చేయరు. చదువుకున్నవాళ్ళయితే ఆ దిమ్మె చుట్టూ తాడు కట్టి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, అధికారి వచ్చేదాకా కాపలా కాసేవాళ్ళు. ఓబులమ్మకు అది భర్త మధ్యలో వదిలేసి వెళ్ళిన పని. నిలబెట్టి పోతే గుంత ఇంకో మనిషిని అడుగుతుంది. దిగింది. దిమ్మెకు చెయ్యి తాకించింది. ఎటు పడాలో చూసుకుని, అటువైపు ఎవరూ లేకుండా జరిపించి, కొండయ్య గడ్డపారతోనే మూడు దెబ్బలు వేసింది. మూడో దెబ్బకు దిమ్మె అనుకున్న వైపే పడింది. మట్టిలో వెతికి గడ్డి తెచ్చి గట్టున పెట్టింది.

నాలుగో రోజు కంపెనీ, పక్కింటి గోడకు ఆసరా అని చెప్పి, గుంతలోకి లారీలతో మట్టి తోయించింది. ఐదో రోజు అధికారి వచ్చి టేపు పట్టించాడు. పదమూడు అడుగులు వచ్చింది.

"మట్టి పోసినారు సార్, ఇరవై ఉండె" అని ఓబులమ్మ చెప్పింది. దిమ్మె ఏదమ్మా అని ఆయన అడిగాడు. ఆయనకూ ఆ పద్ధతి తెలుసు. ఓబులమ్మ చెప్పలేకపోయింది.

*

నాలుగు నెలల తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం సినిమా వేశారు. నగరం నడిబొడ్డున ఒక చిన్న హాలు. హరిణి కారు పంపిస్తానంది. ఓబులమ్మ వద్దని దేవదానంతో బస్సులో వెళ్ళింది. బయల్దేరేముందు ఓబులమ్మ వెళ్ళి మమత గడప దగ్గర నిలబడి, "సినిమాలో చూపిస్తారంట, రా" అంది. మమత తలుపు దగ్గరికి వేసుకుంది.

నలభై రెండు నిమిషాల సినిమా. అందులో ఓబులమ్మ ఆరు నిమిషాలు ఉంటుంది. నేను చూసినంతలో ఆ ఆరు నిమిషాలే సినిమాకు ప్రాణం. వెనక సంగీతం లేదు. గడ్డపార మట్టిని తాకే చప్పుడు, ఆమె ఊపిరి, దూరంగా ఎక్కడో లిఫ్టు మోటారు. మొదటి దెబ్బకూ రెండో దెబ్బకూ మధ్య ఆమె చాలాసేపు ఆగుతుంది. ఆ ఆగడాన్ని కత్తిరించకుండా ఉంచారు. అలా ఉంచాలంటే ధైర్యం కావాలి. వార్తల్లో అయితే ఆ చావులు పదిహేను సెకన్లలో అయిపోయాయి, పేర్లు కూడా లేకుండా. ఇక్కడ నల్ల తెర మీద కొండయ్య పేరు, శ్రీను పేరు, వాళ్ళ ఊళ్ళ పేర్లతో సహా తెల్లగా వచ్చి నిలబడతాయి. చదవడం రాని ఓబులమ్మకు దేవదానం వేలితో చూపించాడు. "అది బావనే అక్కా."

ఆమెకు నచ్చనివీ ఉన్నాయి. ఒక పెద్దమనిషి పుస్తకాల బీరువా ముందు కూర్చుని ఇంగ్లీషులో మాట్లాడతాడు. ఈ కూలీలకు తాము దిగుతున్న ప్రమాదం గురించి అవగాహన లేదు, పాపం, అంటాడు. దేవదానం చెవిలో తెలుగు చేసి చెప్పాడు.

"తెలీదంటనా మాకు?" అంది ఓబులమ్మ, కొంచెం పెద్దగానే. ముందు వరసవాళ్ళు తిరిగి చూశారు. "గోడ చెమట పడ్తాండాదని చెప్పింది ఎవురు? పలకలు అడిగింది ఎవురు? ఆ పొద్దు పాపకు అంతా చెప్తి గదప్పా నేను. యాడ పాయె అది?"

అది సినిమాలో లేదు. సినిమాను టీవీలో వేయబోతున్న ఛానల్ వాళ్ళ లాయరు తీసేయించాడని తర్వాత తెలిసింది. ఇంజనీరు మీద రుజువులేని ఆరోపణ ఉంటే ప్రసారం చేయలేమన్నాడట. అది తీసేశాక మిగిలింది ఏమీ తెలియని ఇద్దరు అమాయకులు, ఏడుస్తున్న ఒక ఆడమనిషి. చూసేవాళ్ళకు జాలి కలుగుతుంది. నిజంగానే కలుగుతుంది, నాకూ కలిగింది. కానీ గోడను చూసి లోపల నీరుందని చెప్పగలిగిన మనిషి ఆ సినిమాలో ఎక్కడా లేడు.

చివరి బొమ్మ, ఆమె చెయ్యి గట్టున గడ్డి పెట్టడం. దీపాలు వెలిగాయి. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఎవరో ఆమెను కావలించుకున్నారు. ఆమె చేతికి మైకు ఇచ్చారు. మిమ్మల్ని మీరు చూసుకుంటే ఎలా అనిపించిందని అడిగారు.

"బాగుండాది. ఆయన పేరు రాసినారు" అంది ఓబులమ్మ. ఆగింది. "దిమ్మె నెత్తిన గడ్డి యాడ?"

హరిణి ఇంగ్లీషులో చెప్పింది, ఆమె గడ్డి ఎక్కడుందని అడుగుతోంది అని.  ఇందాకటికంటే గట్టిగా చప్పట్లు. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. ఏదో పెద్ద మాట విన్నామని వాళ్ళనుకున్నారు. ఓబులమ్మ మైకు పట్టుకుని అలాగే నిలబడింది, జవాబు కోసం.

జవాబు బయట మెట్ల మీద దొరికింది.

"నీ సినిమాలో ఎర్ర గీత కనపడ్తాండాది పాపా. నా మోకాలు కాడ. తేదీ గూడా కనపడ్తాండాది. ఇంజనీరు చేత్తో వేసిన తేదీ."

"అవునమ్మా. అది మంచిదేగా? ప్రూఫ్ కదా?"

"ఏం ప్రూఫు? ఆ గీత పన్నెండుది అంటారు వాళ్ళు. ఇరవైది అని నేనెట్ల చెప్పాల? నెత్తిన గడ్డి కనపడితే గదా. నా మోకాలు నుంచి నా తలకాయ పైన జానెడు దాకా చూపిచ్చినావు. ఆపైన ఏముండాది?"

హరిణి మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆమెకు గుర్తొచ్చింది. పైన క్రేను, పక్క అపార్ట్‌మెంటు బాల్కనీల్లో ఆరేసిన బట్టలు, ఒక పెయింటు కంపెనీ బోర్డు. బొమ్మ చెడిపోతుందని కెమెరామన్ కెమెరాను దగ్గరికి జరిపాడు. ఆమే జరపమంది. మొహం, చెయ్యి, మట్టి. అంతే చాలనుకుంది.

"నాకెందుకు చెప్పలేదమ్మా ఆ రోజు, అది కొలత అని?"

"చెప్పినా గదా పాపా. గడ్డి నుంచి టేపు పడతారని. నువ్వు తలకాయ ఊపితివి."

*

వారంపాటు హరిణి తను తీసిన బొమ్మలన్నీ వెతికింది. దేవదానం సంఘం గదిలో లాప్‌టాప్ పెట్టుకుని ముగ్గురూ కూర్చున్నారు. మొత్తం తీసింది ముప్పై గంటల పైన. సినిమా ఇచ్చేశాక అద్దెకు తెచ్చిన డిస్కులు చెరిపేసి వెనక్కిచ్చారు. వాడుకున్న ముక్కలు, వాడుకోవచ్చని పక్కన పెట్టుకున్న కొన్ని ముక్కలు మిగిలాయి. వాటిలో ఒకటి పైనుంచి డ్రోన్‌తో తీసింది, తొమ్మిది సెకన్లు. గుంత మొత్తం కనిపిస్తుంది. మూలన చిన్న పచ్చటి చుక్క.

"గడ్డి" అంది ఓబులమ్మ, వేలు తెరకు తాకించి.

పచ్చగానే ఉంది. కానీ పైనుంచి చూస్తే దిమ్మె ఎంత పొడవో తెలియదు. పచ్చచుక్క, దాని చుట్టూ నీడ. కింద గీత ఒక బొమ్మలో ఉంది. పైన గడ్డి ఇంకో బొమ్మలో ఉంది. గట్టు మీద ఆమె చేతిలో గడ్డి మూడో బొమ్మలో ఉంది. గడ్డీ గీతా కలిసి ఉన్న బొమ్మ లేదు. సినిమా చూసేవాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేసరికి మనసులో అతికించేసుకుంటారు. అదే ఆ పనిలోని గొప్పతనం. అధికారి అతికించుకోడు.

దేవదానం అయినా ఆశ వదల్లేదు. సినిమా టీవీలో వచ్చిన నెలకు, రెండు ముక్కలూ తీసుకుని విచారణకు వెళ్ళారు. హరిణి కూడా వచ్చి, తను చూశానని, దిమ్మె చాలా ఎత్తుందని చెప్పింది. ఎన్ని అడుగులని అధికారి అడిగాడు. చాలా ఎత్తు అని మళ్ళీ చెప్పింది. కంపెనీ లాయరు మర్యాదగా లేచి, సినిమా తానూ చూశానన్నాడు, ఇంట్లో అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారన్నాడు. ఆ ఎర్ర గీత తమ ఇంజనీరుదేనని ఒప్పుకున్నాడు. అది పన్నెండు అడుగుల గీత అన్నాడు. పైగా, నిలబడి ఉన్న దిమ్మెను కెమెరా కోసం పడగొట్టింది ఈమే కదా అని, సినిమాలోంచే చూపించాడు.

ఆమె మూడు దెబ్బలూ ఆ గదిలో మళ్ళీ ఆడాయి. గడ్డపార చప్పుడు, ఊపిరి, లిఫ్టు మోటారు.

అధికారి అవతలివాళ్ళ మనిషి కాదని దేవదానం అంటాడు. ఆయన బాధపడ్డాడట. కానీ కాగితంలోని వాక్యం అలాగే ఉండిపోయింది. ఫైలు మూశారు.

బయటికి వచ్చాక హరిణి అంది, "మీరు పడగొట్టకపోయినా మర్నాడు వాళ్ళే పడగొట్టేవాళ్ళమ్మా. లారీలు వచ్చాయి కదా. అది మీ తప్పు కాదు. తప్పంటే నాది."

"వాళ్ళు కొట్టింటే వాళ్ళ పాపం పాపా. కొట్టింది నా చెయ్యి."

కాసేపు ముగ్గురూ టీ తాగారు. దేవదానం ఉండబట్టలేక, "సినిమా ఏడిపించింది తల్లీ. ఏడిపించేదానికేం తక్కువ లేదు మా బతుకుల్లో, నువ్వు కొలత తీసుకొనుంటే బాగుండు" అన్నాడు. ఓబులమ్మ ఆయన్ను కసురుకుంది.

"సుమ్నే ఉండప్పా. ఆ పాప సినిమా టీవీలో వచ్చినాకనే ఆ కంపెనీ అన్ని గుంతలకీ ఇనప పలకలు పెడ్తాండాది. నువ్వే చెప్తివి గదా. వేరేవాళ్ళ మొగుళ్ళు బతుకుతారు. అది తక్కువనా?"

అది తక్కువ కాదు. నేను వెళ్ళి రెండు సైట్లు చూశాను. పలకలు ఉన్నాయి. ఆ సంగతి రాయకపోతే హరిణికి అన్యాయం చేసినట్టు. సినిమా పదిమందికి చెప్పింది, కొందరిని కదిలించింది, తెలియని వాళ్ళ ప్రాణాలు కాపాడుతూ ఉండవచ్చు. కొండయ్య మీద ఉన్న ఒక్క వాక్యాన్ని తీయలేకపోయింది. ఆ రెండూ ఒకే సినిమా చేసింది. వాటిని ఎలా తూచాలో నాకు తెలియదు. ఓబులమ్మ తూచదు. హరిణి ఫోన్ చేస్తే మాట్లాడుతుంది. సినిమా మాత్రం మళ్ళీ చూడలేదు.

విచారణ అయిన రోజు సాయంత్రం రేకు దగ్గరికి వెళ్ళి మమతకు చెప్పింది. గడ్డి ఒక బొమ్మలో, గీత ఒక బొమ్మలో ఉన్నాయని, వాళ్ళు నమ్మలేదని. చెప్పి చాలాసేపు నిలబడింది. అవతల పొయ్యి ఊదుతున్న చప్పుడు ఆగి, మళ్ళీ మొదలైంది.

*

నేను మూడో ఆదివారం వెళ్ళినప్పుడు ఆమె ఇంకా షెడ్డుకు రాలేదు. రెండు వీధుల అవతల ఒక ఇంటికి సంపు తవ్వుతోందని చెప్పారు. చిన్న పని. ఎనిమిది అడుగులు. ఇప్పుడు ముఠాకు పెద్ద ఆమే. కింద ఇద్దరు కొత్తవాళ్ళు ఉన్నారు, రాయచూరు వైపువాళ్ళు. గట్టు మీద మట్టి నింపిన ఇనప బాండ్లీలు అందుకుంటున్నది మమత. మూడు నెలలు ఏ పనీ దొరక్క, అత్తగారింటికి పోలేక, వారం కిందట వచ్చి నిలబడిందట. ఓబులమ్మ పార చేతికిచ్చింది. ఇద్దరూ పని మాటలు తప్ప ఏమీ మాట్లాడుకోవడం లేదు. జరుగు, పట్టు, చాలు. అంతే.

మూలన దిమ్మె నిలబడి ఉంది. నెత్తిన గరిక, కొంచెం వాడిపోయి. ఆరడుగుల దగ్గర ఇంటి మేస్త్రి నీలం పెన్సిలుతో గీత పెట్టి వెళ్ళాడు. ఓబులమ్మ కొత్తవాళ్ళను పైకి ఎక్కించి, తానొక్కతే దిమ్మె పక్కన నిటారుగా నిలబడింది, చెయ్యి గీత మీద పెట్టి.

"ఫోను తియ్" అంది పైకి చూసి.

మమత జాకెట్టులోంచి ఫోను తీసింది. పట్టుకుంది.

"వెనక్కి పో."

మమత ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఇంకా పో. నా మొగం ఎవురికి కావాల. గడ్డి రావాల, నా కాళ్ళు రావాల. రెండూ ఒకదాంట్లోనే రావాల."

మమత ఇసుక కుప్ప ఎక్కింది. వెనక ఎవరిదో స్కూటరు ఉంటే దాన్ని జరిపి ఇంకా వెనక్కి వెళ్ళింది. గుంతలో నిలబడ్డ ఓబులమ్మకు ఇప్పుడు ఆమె తల, ఫోను పట్టుకున్న చేతులు మాత్రమే కనిపిస్తున్నాయి.

"వచ్చిందా?"

 ఓబులమ్మ చెయ్యి గీత మీదే ఉంచి ఎదురుచూసింది. నేను గట్టు మీదే ఉన్నాను, చెప్పగలను, కానీ చెప్పవలసింది నేను కాదు.

"వచ్చిందామ్మా?" అని మళ్ళీ అడిగింది.

మమత ఫోనును కళ్ళకు దగ్గరగా పట్టుకుని చూసింది. ఎండ పడుతోందేమో, చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నీ కాళ్ళు వచ్చినాయి" అంది. కొంచెం ఆగి, "గడ్డి ఇంకా రాలేదు. ఉండు, కదలద్దు" అని ఇంకో అడుగు వెనక్కి వేసింది.